రెండింటి నుంచి మూడింటి దాకా

మా పెద్దమ్మ లీలమ్మకు కుళ్లు ఎక్కువ. ఇది ఆమె వెనకాల అనే మాట కాదు, ఎదురుగానే అంటాను. "అవ్, ఉన్నది. ఎవరి దగ్గరికెల్లి అడుక్కొచ్చుకోలే, నాదే," అంటుంది. శాలిబండలో మా గల్లీలో ఎవరింటి ముందు కొత్త స్కూటీ ఆగినా ఆ రోజు మా ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా మోగుతాయి. ఎవరి పిల్లకైనా సర్కారు కొలువు వచ్చిందని తెలిస్తే మా చాయ్‌లో చక్కెర తగ్గుతుంది. అయినా ఆ ఇంటికి అందరికంటే ముందు వెళ్లి ప్రార్థన చేసి వచ్చేదీ ఆమే. కుళ్లుకుంటూనే వెళ్తుంది, కుళ్లుకుంటూనే వాళ్లు పెట్టిన మిఠాయి తింటుంది.

ఆమెకు యాభై ఆరేళ్లు. పెదనాన్న రాజన్న నీళ్ల ఆఫీసులో పనిచేస్తూ పోతే ఆ కొలువు ఆమెకు ఇచ్చారు. అటెండర్. ఫైళ్లు మోయడం, సార్లకు చాయ్ తేవడం, బిల్లు ఎక్కువొచ్చిందని లొల్లి పెట్టడానికి వచ్చినవాళ్లను చల్లబరిచి కుర్చీలో కూర్చోబెట్టడం ఆమె పని. మా అమ్మ నా ఆరో ఏట పోతే నన్ను తెచ్చి పెంచుకుంది. ఆమె కొడుకు ఎల్లేష్, నేను ఒకే కంచంలో తిని, ఒకే దుప్పటి లాక్కుని పెరిగాం.

ఎల్లేష్ రెండేళ్ల కిందట వానాకాలంలో డెంగీతో పోయాడు. ఇరవై నాలుగేళ్లు. జ్వరం వచ్చిన ఆరో రోజుకు ప్లేట్‌లెట్లు ఎనిమిది వేలకు పడిపోయాయి. బొప్పాయి ఆకు రసం తాగించాం. గౌలిపుర వెళ్లి మేకపాలు తెచ్చాం. డాక్టర్లు ఎక్కించాల్సింది ఎక్కించారు. చర్చివాళ్లు మూడు రోజులు చైన్ ప్రేయర్ పెట్టారు.

చైన్ ప్రేయర్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. ఒక కాగితం మీద పొద్దున ఆరు నుంచి మర్నాడు పొద్దున ఆరు దాకా గంటలు వేస్తారు. ఒక్కో గంట ఒక్కొక్కరు తీసుకుంటారు. ఎవరి గంటలో వాళ్లు తమ ఇంట్లోనే మోకరించి ఆ రోగి కోసం ప్రార్థించాలి. ఒకరు లేచేసరికి ఇంకొకరు మోకాళ్ల మీద ఉండాలి, ప్రార్థన ఎక్కడా తెగకూడదు. ఆ కాగితం రాసేది వరమ్మ. మా చర్చి స్త్రీల సమాజానికి ఆమె పెద్ద. ఎవరికైనా జబ్బు చేసిందని తెలిస్తే ముందు పెన్ను వెతుక్కుంటుంది.

ఎల్లేష్ జబ్బప్పుడు పెద్దమ్మ తనకొక గంట అని పెట్టుకోలేదు. మూడు రోజులూ ఆస్పత్రి వరండాలో మోకాళ్ల మీదే ఉంది. మోకాళ్లు పుండ్లయ్యాయి. నాలుగో రోజు పొద్దున ఎల్లేష్ పోయాడు.

సమాధి దగ్గర అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "ఇవ్వడం ఆయన ఇష్టం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. స్తోత్రం చెప్పడం మన పని," అన్నారు. నిజమే కావచ్చు. ప్రతి నిజాన్నీ మట్టి ఆరకముందే చెప్పాలని ఎవరు రాసిపెట్టారు? పెద్దమ్మ ఇంటికొచ్చాక నాతో, "అంతా ఆయన ఇష్టమే అయితే నా మోకాళ్లెందుకు అరగదీసిండు?" అంది. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు. పాట పాడింది, కానుక వేసింది. దేవుడు చేసిన మేలు పదిమందిలో చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి స్తోత్రం చెప్పడం మాత్రం మానేసింది. వరమ్మ పక్కన కూర్చుని ఎంత గిల్లినా లేవలేదు.

ఇప్పుడు బేబీ సంగతి. ఆమెది మా ఎదురిల్లు. గౌలిపురలో బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముకునే ఇంట్లో పుట్టింది. భర్త జగదీశ్వర్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. పన్నెండేళ్ల కిందట బేబీకి తలనొప్పి పట్టుకుని ఎన్ని మందులకూ వదలకపోతే చేయి పట్టుకుని చర్చికి తీసుకుపోయింది మా పెద్దమ్మే. ప్రార్థన ఎలా చేయాలో నేర్పింది పెద్దమ్మే. బాప్తిస్మం రోజు బేబీ కట్టుకున్న తెల్లచీర కూడా పెద్దమ్మదే. జగదీశ్వర్ మాత్రం భార్యను బండి మీద తెచ్చి మెట్ల దగ్గర దించి వెళ్లిపోయేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు.

బేబీ తలనొప్పి పోయింది. జగదీశ్వర్ తాగుడు మానాడు. వాళ్లింటి మీద ఇంకో అంతస్తు లేచింది. బేబీ అడగడం, దేవుడు ఇవ్వడం, ఆమె లేచి సాక్ష్యం చెప్పడం. ప్రతి సాక్ష్యానికీ పెద్దమ్మ నా చెవి దగ్గర గొణిగేది.

"ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్నట్టుంది. మా తాత కాలం సంది మేము గీ దేవునికి మొక్కుతున్నం. నిన్న గాక మొన్న వచ్చినదానికి అడిగిందల్లా ఇస్తడేంది?"

నాకు నవ్వొచ్చేది. ఎల్లేష్ పోయాక నవ్వు రావడం ఆగిపోయింది.

పోయిన ఆగస్టులో బేబీ కూతురు స్వీటీకి డెంగీ వచ్చింది. పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. అదే జ్వరం. ఆరో రోజుకు ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలు. రెండు రోజులుగా కళ్లు తెరవడం లేదు. బేబీ ఆస్పత్రి నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఎల్లేష్‌కు బొప్పాయాకు ఏడికెల్లి తెచ్చినవ్?" అని అడిగింది. పాపం, ఆ ప్రశ్న ఇంకెవరిని అడుగుతుంది? పెద్దమ్మ చెట్టున్న ఇంటి గుర్తు వివరంగా చెప్పింది. ఫోన్ పెట్టేసి, "గది తాగే పోయిండు నా కొడుకు," అంది.

గురువారం సాయంత్రం వరమ్మ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"లీలా, రేపు పగటీలి రెండు నుంచి మూడు నీకు రాసిన. ఆఫీసుంటదేమో కదా?"

"సగం దినం లీవు పెడ్త," అంది పెద్దమ్మ.

వరమ్మ కళ్లు చెమర్చాయి. అదే జబ్బుతో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఇంకొకరి బిడ్డ కోసం లీవు పెడుతోందని చీకటి పడకముందే చర్చి అంతటికీ తెలిసిపోయింది.

నేను పనిచేసే గాజుల దుకాణానికి శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. మసీదులో జుమ్మా నమాజు అయిపోయి గల్లీలో సందడి తగ్గింది. సరిగ్గా రెండింటికి పెద్దమ్మ కొంగు తల మీద కప్పుకుని ముందు గదిలో మోకరించింది. ఆమెకు మనసులో ప్రార్థించుకోవడం చేతకాదు. ఆఫీసులో చెవుడున్న సారుతో మాట్లాడినట్టు పైకే మాట్లాడుతుంది.

"తండ్రీ, స్వీటీని నీ చేతులల్ల పెడ్తున్న," అని మొదలుపెట్టింది. అక్కడే ఆగింది. తర్వాత వచ్చిన గొంతు వేరే గొంతు.

"నేను నిన్నేమడిగిన? ఒక్క పిలగాణ్ని అడిగిన. మూడు దినాలు అడిగిన. ఇయ్యలే. సరే, నీ ఇష్టం అన్నరు, ఊకున్న. ఇప్పుడు దానికి ఇస్తవా? అది గూడ నా ఇంటి ముంగట్నే? రోజు పొద్దుగాల దాని బిడ్డ బ్యాగేస్కోని కాలేజికి పోతుంటే నేను గడపల నిలవడి సూడాల్నా? నాకియ్యనిది దానికి ఇయ్యకు. గదే నా ప్రార్థన. ఇంక నాకేం లేదు అడిగేది."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. తొంగి చూశాను. ఆమె మోకాళ్ల మీద నుంచి లేచి గోడకానుకుని కూర్చుంది. ఆ మాట వెనక్కి తీసుకుంటుందేమోనని ఎదురు చూశాను. తీసుకోలేదు. మూడయ్యే దాకా గడియారం కేసి చూస్తూ కూర్చుంది. తెగకూడని గొలుసు మా ఇంట్లో తెగిందని నాకొక్కదానికే తెలుసు. ఆమె బదులు నేనైనా మోకరించి ఆ గంట నింపాల్సింది. నింపలేదు. ఎల్లేష్ నాకూ అన్నే.

మూడు కొట్టగానే ఫోన్ మోగింది. అవతల బేబీ ఏడుస్తోంది, నవ్వుతోంది.

"అక్కా! రెండున్నరకు కండ్లు తెరిచింది! మమ్మీ, ఇడ్లీ కావాలె అన్నది! నీ గంటల్నే అక్కా, నీ గంటల్నే!"

"మంచిది," అంది పెద్దమ్మ. స్తోత్రం అనలేదు. ఫోన్ పెట్టేసి బాత్రూములోకి వెళ్లి చాలాసేపు ముఖం కడుక్కుంది. సాయంత్రానికి స్వీటీ ప్లేట్‌లెట్లు ఇరవై రెండు వేలు, మర్నాటికి నలభై.

తర్వాతి ఆదివారం బేబీ సాక్ష్యం చెప్పింది. "రెండు నుంచి మూడు దాకా ఎవరి గంటనో తెలుసా? లీలక్కది. తన కొడుకును పోగొట్టుకున్న మోకాళ్ల మీదనే నా బిడ్డకు ప్రాణం అడిగింది," అన్నప్పుడు అందరూ మావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ ఒళ్లో ఉన్న పాటల పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నేలకేసి చూసింది. అందరూ అది అణకువ అనుకున్నారు.

ఆ రోజు మగవాళ్ల వైపు చివరి కుర్చీలో జగదీశ్వర్ ఉన్నాడు. చర్చి లోపలికి రావడం అతనికి అదే మొదటిసారి. ఆరాధన అయ్యాక వచ్చి పెద్దమ్మ కాళ్లకు మొక్కబోయాడు. "వదినా, నువ్వు లేకుంటే నా బిడ్డ లేకుండె," అన్నాడు. ఆమె నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగింది.

అక్కడితో ఆగలేదు. అప్పటి నుంచి వరమ్మ ఏ కాగితం రాసినా రెండు నుంచి మూడు లీలమ్మదే. గల్లీలో ఎవరికి కడుపునొప్పి వచ్చినా ఆ గంట కోసం మా ఇంటికి కబురు. చివరి ఇంటి ఆగమ్మ తన మోకాలి ఆపరేషన్ రెండింటికే మొదలుపెట్టమని డాక్టరును బతిమాలిందట. నాకు నవ్వాగలేదు. పెద్దమ్మకు అన్నం సయించడం మానేసింది.

ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూనే చెప్పులు విసిరి కూర్చుంది. "ప్రాణం పెట్టి అడిగితే నా కొడుకును ఇయ్యలే. ఇయ్యకు అని మొత్తుకుంటే దాని బిడ్డను ఇచ్చిండు. నన్ను ఎక్కిరిస్తుండా ఏంది దేవుడు?"

"మరి బేబీ చిన్నమ్మకు చెప్పరాదూ ఉన్నది ఉన్నట్టు?" అన్నాను.

"చెప్తే? జగదీశ్వర్ ఇప్పుడిప్పుడే వస్తుండు. లోపలికి వచ్చిన మనిషిని నా నోటితోని మల్ల బయటికి నూకాల్నా?"

అది సాకు. నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఇంకొకరికి దక్కిన పొగడ్తలు చూసి కళ్లలో నిప్పులు పోసుకున్న మనిషికి మొదటిసారి తన వంతు పొగడ్త వచ్చింది. తీరా అది దొంగది. అయినా వదులుకోవాలంటే చేతులు రావు. చెప్పేస్తే ఎదురింటి తలుపు జీవితాంతం మూసుకుపోతుందన్న భయం ఉండనే ఉంది.

మాలో ఎవరికైనా ఇంత మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెడతారు. పాటలు, అయ్యగారు బైబిలు నుంచి చెప్పే వాక్యం, చివర చర్చికి చెందిన ఒక పెద్ద మనిషి చేసే కృతజ్ఞతా ప్రార్థన, ఆ తర్వాత బగారా అన్నం. బేబీ సెప్టెంబరులో రెండో శనివారం సాయంత్రం పెట్టుకుంది. ముందు రోజు పిలవడానికి వచ్చింది.

"అక్కా, కృతజ్ఞత ప్రార్థన నువ్వే చెయ్యాలె."

"అయ్యగారు ఉన్నరు కదనే, ఆయన చేస్తరు."

"ఆయన వాక్యం చెప్తరు. ప్రార్థన మటుకు నీ నోటితోనే కావాలె నాకు. ఇంకెవరు చేసినా నేనొప్పుకోను," అని పెద్దమ్మ గడ్డం పట్టుకుంది బేబీ.

వాళ్ల డాబా మీద షామియానా వేశారు. అరవై మంది దాకా వచ్చారు. స్వీటీ కాస్త చిక్కిపోయింది గానీ కొత్త డ్రెస్సు వేసుకుని అందరికీ నీళ్ల గ్లాసులు అందిస్తోంది. పెద్దమ్మ కళ్లు ఆ పిల్ల వెంటే తిరుగుతున్నాయి. ఆ చూపులో కోపం లేదు. ఆకలేసినవాడు ఇంకొకరి కంచం కేసి చూసే చూపు అది. స్వీటీ మా దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, నీళ్లు," అంది. పెద్దమ్మ గ్లాసు తీసుకుని, "మంచిగున్నవా బిడ్డా?" అని అడిగింది. నీళ్లు తాగలేదు.

అయ్యగారు ఆ రోజు కూడా అదే చెప్పారు. ఇవ్వడం ఆయన ఇష్టం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. ఇచ్చిన ఇంట్లో చెప్పారు గనక ఆ మాట అందరికీ తియ్యగానే ఉంది. తర్వాత, "లీలమ్మగారు కృతజ్ఞతా ప్రార్థన చేస్తారు," అన్నారు.

పెద్దమ్మ లేచి నిలబడింది. ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకున్నారు, అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

మా కూడికల్లో ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లు ప్రతి మాటకూ స్తోత్రమనో, అవును తండ్రీ అనో అంటారు. నోటికి అలవాటు. మాట చెవిలో పడకముందే జవాబు వచ్చేస్తుంది.

"తండ్రీ, నీకు వందనాలు," అంది పెద్దమ్మ.

"స్తోత్రం!"

"ఆ శుక్కురారం రెండింటికి వరమ్మ నాకు గంట రాసిచ్చింది."

"అవును తండ్రీ!"

"ఆ గంటల నేను స్వీటీ కోసం ప్రార్థన చెయ్యలే."

"స్తోత్రం!" అన్నారందరూ. వరమ్మ గొంతు అందరికంటే పైన వినపడింది.

"నాకియ్యని బిడ్డను బేబీకి గూడ ఇయ్యకు అని అడిగిన."

సగం మంది స్తోత్రం అనేశారు. సగం మందికి గొంతులోనే ఆగిపోయింది. ఆగమ్మ ఒక్కతే హల్లెలూయ అని, ఆ తర్వాత కళ్లు తెరిచింది. పెద్దమ్మ కళ్లు తెరవలేదు. రెండు చేతులూ జోడించి ఏడుస్తూ నిలబడింది.

"నువ్వు నా మాట వినలే తండ్రీ. ఎల్లేష్ అప్పుడు వినలే, గిప్పుడూ వినలే. ఎల్లేష్ ముచ్చటల ఎందుకు వినలేదో నాకు తెల్వదు. ఎవరు చెప్పినా నాకు ఎక్కది. ఆ ముచ్చట నేను ఇడిసిపెట్టలే. సచ్చి నీ ముంగటికి వచ్చినంక మల్ల అడుగుత. గని గిప్పుడు నా పాడు నోటి మాట నువ్వు వింటే ఈ పిల్ల ఇయ్యాల మట్టిల ఉంటుండె. నాకు నీళ్లు ఇచ్చింది చూడు, గీ పిల్ల. గప్పుడు నేను ఎట్ల బతుకుతుంటి? వినకుంట మంచిపని చేసినవ్. నా మాట విననందుకు నీకు స్తోత్రం. ఉత్తగ అంటలే, మనసుల్నించి అంటున్న. స్తోత్రం తండ్రీ. ఆమెన్."

రెండేళ్ల తర్వాత ఆమె నోట ఆ మాట విన్నాను. ఆమెన్ అని ఎవరూ అనలేదు.

బేబీ స్వీటీని దగ్గరికి లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది. జగదీశ్వర్ లేచి నిలబడి, "ఏంది వదినా గిది?" అన్నాడు. అయ్యగారు ఏదో సర్దిచెప్పబోతే బేబీ చెయ్యెత్తి ఆపింది.

"అక్కా, ఎల్లేష్ బతికుంటే గట్ల అడుగుతుంటివా?"

"లే," అంది పెద్దమ్మ.

బేబీ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. అవి కోపంతో వచ్చిన నీళ్లే.

"నాకు మస్తు కోపమొస్తుంది అక్కా. నీ ముఖం సూడబుద్ది అయితలేదు. గని మా స్వీటీ ముందు పోయి, మీ ఎల్లేష్ మంచంల పడుంటే, నేను గూడ గదే అడుగుతుంటి. నిజం చెప్తున్న. నీలెక్క గింతమంది ముంగట ఒప్పుకుంటుంటినా అంటే, లే."

జారిన కొంగు మళ్లీ తల మీదికి లాక్కుని, "ఆమెన్," అంది.

అప్పుడు మిగతావాళ్లూ ఒకరి తర్వాత ఒకరు అన్నారు. జగదీశ్వర్ ఇంకాసేపు నిలబడి, చివరికి కూర్చున్నాడు. అన్నాలు వడ్డించారు. బేబీ మా వరసకు రాలేదు, ఇంకెవరో వడ్డించారు. పెద్దమ్మ ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నది.

గల్లీ దాటితే మా ఇల్లు. ఏడ్చి ఏడ్చి పెద్దమ్మ కళ్లు ఉబ్బిపోయాయి గానీ నడక తేలికపడింది. ఇన్నాళ్ల బరువు దిగిందిలే అనుకున్నాను. తాళం తీయబోతూ ఆగి, ఎదురింటి డాబా కేసి తలెత్తి చూసింది. అక్కడ బేబీ ముఖం తుడుచుకుని చివరి వరసకు వడ్డిస్తోంది.

"సూసినవా స్రవ్యా?" అంది.

"ఏంది పెద్దమ్మా?"

"గంత మంచి మనసు. అది గూడ దానికే ఇచ్చిండు."